గడపకు ఒక పని

మా ఇంట్లో పనిలేని వస్తువు ఉండకూడదు. ఈ రూలు నేనే పెట్టాను. ఏడాది తిరిగేలోపు ఒక్కసారైనా చేతికి రానిది గిన్నె కానీ కుర్చీ కానీ, అవసరం ఉన్నవాళ్ళకి ఇచ్చెయ్యడమో, పాతసామాన్ల బండికి వేసెయ్యడమో చేసేదాన్ని. పిల్లలు గోలపెట్టినా వినలేదు. నా పెళ్ళినాటి ట్రంకుపెట్టెను కూడా అలాగే పంపించేశాను. దానికి నేను ఏడవలేదు కానీ నా కూతురు ఏడ్చింది. అందుకే జగ్గయ్యపేటలో మా పెంకుటిల్లు తీయించి డాబా వేస్తున్నప్పుడు, వీధి గడపను నేను ట్రాలీ ఆటోలో వేయించుకుని నందిగామలో కూతురింటికి బయల్దేరితే, పిల్లలిద్దరూ ఎంత సంబరపడ్డారో చెప్పలేను. నన్ను నా రూలుతోనే పట్టుకునే అవకాశం వాళ్ళకి ఇన్నాళ్ళకి వచ్చింది.

ఆ గడప టేకుది. నాలుగు వేళ్ళకు పైనే మందం. ఒక కొసన చెదలు తిన్నాయి. నడిమికి కొంచెం కుడిగా ఒక గుంట పడింది. నేను కాపురానికి వచ్చింది మొదలు ప్రతి శుక్రవారం దాన్ని కొబ్బరిపీచుతో రుద్ది కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టేదాన్ని. పురుడు, మైల వచ్చిన రోజుల్లో తప్ప మానలేదు. దాని మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు. తొక్కి దాటితే ఊరుకునేదాన్ని కాదు. మావారు కూడా బియ్యం బస్తా దాని మీద దింపబోయి, నా మొహం చూసి మళ్ళీ భుజానికెత్తుకున్న మనిషే.

వాస్తు చూసే ఆయన పాత కర్ర కొత్తింట్లో కలపకూడదన్నాడట. కొత్త గుమ్మానికి కింద గ్రానైటు వేస్తారట. ద్వారబంధం నిలువు కర్రల్ని అడితివాడు వచ్చి ఎక్కించుకున్నాడు. పరిటాల దాటాక హైవే పక్కన పాతకర్ర కొనే అడితి అతనిది. ఈ కర్రలన్నీ ఏం చేస్తావు బాబూ అని అడిగితే, "బెంచీలండీ మామ్మగారూ. హైవే హోటళ్ళకి. పాత టేకంటే ఇప్పుడు ఫ్యాషను" అన్నాడు.

నా గడప మీద దారిన పోయేవాళ్ళంతా కూర్చుని టీ తాగుతారన్న మాట. నేను వెళ్ళి ఆ కర్ర పక్కన నిలబడ్డాను.

"ఇది ఇవ్వను" అన్నాను.

నా కొడుకు నవ్వాడు. "ఎందుకమ్మా? పనిలేని వస్తువు ఇంట్లో ఉండకూడదుగా?"

"దీనికి పనుంది."

"ఏం పని?"

గడపకి ఇంకాస్త దగ్గరగా జరిగాను. అడితివాడు, మేస్త్రీలు, పక్కింటివాళ్ళు అందరూ చూస్తున్నారు.

"సరే అమ్మా, నీ రూలు నీకూ వర్తిస్తుంది. గృహప్రవేశం నాటికి దీనికేదైనా పని చూపించు. చూపించలేకపోతే ఆ మర్నాడు అడితికి పంపించేస్తా."

"చూపిస్తా" అన్నాను. అందరి ముందూ అన్న మాట. వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

నందిగామలో గడపను వరండాలో రెండు ఇటుకల మీద పెట్టించాను. నా కూతురు స్కూటీ పెట్టుకునే చోటు అదే. "అమ్మా, నా స్కూటీకి పనుంది, దీనికి లేదు. ఏది బయట ఉండాలో నువ్వే చెప్పు" అంది. వినబడనట్టు లోపలికి వెళ్ళాను.

ఆ ఇంట్లో పగలంతా నాతో ఉండేది మనవరాలు. నా కూతురి కూతురు. హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే కంప్యూటరు పని చేస్తుంది. ప్రోగ్రాములు రాస్తుందట. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా టకటకా కొడుతూనే ఉంటుంది. మధ్యమధ్యలో ఆపి, తడిచెయ్యి దులిపినట్టు మణికట్టు దులుపుతుంది. కొన్నాళ్ళుగా కుడి మణికట్టుకి పట్టీ కూడా వేస్తోంది. డాక్టరు చేతికి విశ్రాంతి ఇవ్వమన్నాడట. "రోలు రుబ్బిన చేతులకి రాని నొప్పి, మీటలు నొక్కితే వచ్చిందా?" అని నేను ఒకటి రెండుసార్లు అన్నాను. అది పట్టీ ఇంకాస్త బిగించుకుంది.

దానికి ఒక అలవాటుంది. ఇంటర్నెట్లో ఆ వారం తనకు దొరికిన మంచివన్నీ ఏరి, ఆదివారం నాడు ఒక ఉత్తరంలా పేర్చి, తెలిసినవాళ్ళకి పంపుతుంది. కర్రపని, ప్రోగ్రాములు, డిజైను, ఈ మూడింటి గురించే. నేను నందిగామ వచ్చిన కొత్తల్లో అడిగాను.

"దీనికి నీకెవరైనా డబ్బులిస్తారా?"

"ఇవ్వరమ్మమ్మా."

"మరి ఎందుకే ఈ చాకిరీ?"

"దొరికినవి నా దగ్గరే దాచుకుంటే వాటికి పనేముంటుంది చెప్పు?"

ఆ మాట నాకు నచ్చింది. నా రక్తమే అనుకున్నాను. పైకి మాత్రం, ఫ్యాను కట్టేసి మాట్లాడు అన్నాను.

అప్పట్నుంచి మధ్యాహ్నం అన్నాలయ్యాక నా పక్కన కూర్చుని ఫోనులో చూపించేది. నేను బడికి పోయింది కొద్దికాలమే. తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటాను, ఇంగ్లీషు రాదు. కానీ కర్రపని చూడడానికి ఏ భాషా అక్కర్లేదు. ఎక్కడో మంచు పడే దేశంలో ఒక ముసలాయన మాటా పలుకూ లేకుండా దుంగలోంచి గిన్నె తొలుస్తాడు. ఆయన మాట్లాడడు కాబట్టి నాకు నచ్చాడు. పగలు కూడా లైటు వేసుకుంటాడు, అది నచ్చలేదు. జపానులో ఒకాయన మేకు లేకుండా రెండు కర్రల్ని ఒకదానిలో ఒకటి దూర్చి, సుత్తితో ఒక్క పోటు వేస్తే అతుకు ఎక్కడుందో కనబడదు.

"మేకుల ఖర్చు లేదన్న మాట" అన్నాను.

"నీకు అదా కనిపించింది?" అంటూ నవ్వింది.

ఒకరోజు ఒక ప్రోగ్రాము చూపించింది. మన దగ్గరున్న చెక్క కొలత, మనకి కావలసిన ముక్కల కొలతలు చెబితే, తక్కువ వృథాతో ఎక్కడెక్కడ కొయ్యాలో అదే బొమ్మ గీసి ఇస్తుంది. చూస్తూ ఉండిపోయాను. జాకెట్టు గుడ్డ మీద చేతులు, వీపు, ముందుభాగాలు అటూ ఇటూ తిప్పి పెట్టి, మిగిలిన ముక్కలో పట్టీ కూడా రావాలని మా అమ్మ పూటంతా కూర్చునేది. ఆవిడ మనసులో తిరిగిందంతా ఎవరో మిషనులో పెట్టినట్టుంది. దీన్ని రాసినవాడి ఇంట్లో కూడా ఒక పిసినారి ముసలమ్మ ఉండే ఉంటుందన్నాను. మనవరాలు అది ఆదివారం ఉత్తరంలో రాసేసింది.

ఇంకోరోజు చూపించింది మరీ వింతగా ఉంది. ఎవరో అరిగిపోయిన వస్తువుల ఫోటోలు తీసి పోగుచేస్తున్నారు. మధ్యలో గుంటపడ్డ రాతిమెట్లు, చెయ్యి తగిలే చోట మాత్రమే రంగు పోయిన తలుపు, వేలు పడేచోట తెల్లబడ్డ స్విచ్చి.

"ఇదేం పని? మన ఇంటికి రమ్మను, కడుపునిండా తీసుకుంటారు."

"డిజైన్ చేసేవాళ్ళు ఇవి చూసి నేర్చుకుంటారమ్మమ్మా. వస్తువు ఇలా వాడాలని చేసినవాడు అనుకుంటాడు. జనం నిజంగా ఎలా వాడారో అరుగుదల చెబుతుంది."

అంటూ వరండా వైపు చూసింది. లేచి వెళ్ళి గడప దగ్గర కూర్చుంది.

"ఈ గుంట ఎలా పడింది?"

"ఎలా పడుతుంది? మీ అమ్మా, మామయ్యా నేను చూడనప్పుడు తొక్కారు."

"కాళ్ళయితే నడిమధ్యలో అరగాలి. ఇది కుడివైపుకుంది. అంచున కూడా లేదు, లోపలికుంది. నువ్వెలా కడిగేదానివి? చూపించు."

నాకు విసుగొచ్చింది. అయినా గొంతుక్కూర్చుని, ఎడమచేత్తో గడప అంచు పట్టుకుని, కుడిచెయ్యి చాచి రుద్ది చూపించాను. అరచెయ్యి నేరుగా గుంటలోకి దిగింది. నేను వెతకలేదు, అదే వెళ్ళింది.

అన్నేళ్ళు పిల్లల్ని తిట్టాను. సరే, తిట్లు ఎక్కడికీ పోవు, వాళ్ళు వేరేవాటికి బాకీ ఉన్నారులే అనుకున్నాను.

గృహప్రవేశానికి ముహూర్తం పెట్టారు. అప్పుడు మనవరాలు పనిగట్టుకుని కూర్చుంది. "నీ షరతులేంటో చెప్పు. మా పనిలో ముందు షరతులు రాసుకుంటాం" అంది.

చెప్పాను. దాని మీద ఎవరూ కూర్చోకూడదు. కాలు తగలకూడదు. కత్తి పెట్టకూడదు. అలంకారానికి గోడకి వేలాడదియ్యకూడదు, అది పని కాదు. రోజూ వాడకంలో ఉండాలి. కొత్త కర్ర కొనకూడదు. వృథా పోకూడదు.

"దేవుడి మందిరం?"

"దేవుడికి ఉంది. రెండోది ఎందుకు?"

"పుస్తకాల అర?"

"ఈ ఇంట్లో రోజూ పుస్తకం తీసేదెవరు?"

"కూరగాయలు తరిగే చెక్క అంటే నన్నే తరిగేస్తావు."

"తెలిసి అడగడం ఎందుకు?"

"అమ్మమ్మా, నీ షరతులకి ఒక్క జవాబు కూడా లేదు. ప్రోగ్రామయితే ఈపాటికి ఎర్రర్ కొట్టేది" అని మణికట్టు దులుపుకుంది.

వంటింట్లోంచి నా కూతురు అందుకుంది. "స్కూటీకి స్టాండు చెయ్యండి. రోజూ వాడతాను."

మర్నాడు వడ్రంగి వచ్చాడు. మా వీధి చివర మసీదు పక్కన దుకాణం అతనిది. వాళ్ళ నాన్న మా అల్లుడిగారి ఇంటి తలుపులు చేశాడు. మనవరాలు జపాను వీడియో చూపించబోతే, చూడకుండానే చెయ్యి ఊపాడు. "అది నేనూ చూసానమ్మా. మా దుకాణంలో అందరం అదే చూస్తాం. ఆయనకేం, ప్రశాంతంగా చేసుకుంటాడు. మధ్యలో ఫోన్ చేసి ఎంతవరకు వచ్చింది, ఎప్పుడిస్తావ్ అనేవాళ్ళు వీడియోలో ఉండరుగా."

గడపను గోటితో గీకి చూశాడు. గోటి కింద పసుపు వచ్చింది.

"మామ్మగారూ, ఇది కర్రా, పసుపుకొమ్మా? దీనికి నూనె కూడా పట్టింది. ఏం చేయించుకున్నా ముందు ఇది వదలాలండి. లేకపోతే జిగురూ పట్టదు, పాలిషూ పట్టదు. పట్టుకున్నోళ్ళకల్లా అంటుకుంటుంది."

పాతకర్ర మీది మురికి తీసే మందు గురించి మనవరాలి దగ్గర ఒక వీడియో ఉంది. సీసా ధర చూశాను. ఆ సీసా ఎవరు కొంటారో వాళ్ళనే తాగమను అన్నాను. జిడ్డు గిన్నెలకైనా, నూనె మరకల బట్టలకైనా మా ఇంట్లో ఎప్పుడూ ఒకటే మందు, బట్టలుతికే సోడా. పొద్దున్నే బకెట్ వేడినీళ్ళలో సోడా కలిపి, కొబ్బరిపీచు తీసుకుని కూర్చున్నాను. మనవరాలు కూడా పట్టీ విప్పి, ఎక్కువగా ఎడమచేత్తోనే సాయం పట్టింది. ఆఫీసు మొదలయ్యేలోపు అయిపోతుందనుకున్నాం.

నీళ్ళు పడ్డచోటల్లా గడప ఎర్రబడింది.

మామూలు ఎరుపు కాదు. ముందు నారింజ, తర్వాత కుంకుమ, తర్వాత ఎండిన రక్తం రంగు. కర్ర పగుళ్ళలోంచి ఎర్రటి నీళ్ళు ఇటుకల మీదుగా కారి వరండా గచ్చు మీదకి పోయాయి. మా కూతురు బయటికొచ్చి కెవ్వుమంది. "అమ్మా! ఎవరికేమైంది?"

గడప మీద చెయ్యి వేసినందుకు ఏదో జరిగిందనే అనుకున్నాను. మనవరాలు ఫోను తీసి వెతకబోయి, చేతులు చూసుకుని ఆగింది. దాని అరచేతులూ, వేళ్ళూ, మణికట్ల దాకా ఎర్రగా ఉన్నాయి. పెళ్ళికూతురి కాళ్ళలాగా.

అప్పుడు వెలిగింది నాకు. పారాణి! పసుపులో సున్నం కలిపితే వచ్చేది ఇదే. నా చేతుల్తో ఎంతమంది పెళ్ళికూతుళ్ళకి కలిపానో. సున్నం బదులు సోడా పడింది, అంతే తేడా. నవ్వొచ్చింది. నేను నవ్వడం చూసి నా కూతురు మరీ భయపడింది.

"నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపైపోతుంది. కంగారుపడకండి" అన్నాను.

"నిమ్మకాయలు తర్వాత. మీటింగుకి టైమైంది" అంటూ మనవరాలు లోపలికి పరిగెత్తింది. అదే సమయానికి కరెంటు పోయింది. లోపల ఉక్క. చేసేదేంలేక ల్యాప్‌టాప్ తెచ్చుకుని వరండాలోనే కూర్చుంది. గడపకి అవతల ఎత్తుపీట వేసి దాని మీద ల్యాప్‌టాప్ పెట్టింది. ఇవతల తను బాసింపట్టు వేసుకుంది. మధ్యలో తడి గడప మీద పాత తువ్వాలు పరిచింది.

మీటింగులో వాళ్ళ మేనేజరు దాని చేతులు చూశాడు. ఇంగ్లీషులో ఏదో అన్నాడు. నాకు అర్థమైంది ఒక్క 'వెడ్డింగు' మాటే. అందరూ నవ్వుతున్నారు. మనవరాలు మొహం కూడా చేతుల రంగుకి వచ్చింది.

"కాదండీ, పెళ్ళి కాదు. మా అమ్మమ్మగారి గడపకి స్నానం చేయిస్తున్నాం" అంది. అటువైపు తెలుగు తెలిసినవాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు.

మీటింగయ్యాక కూడా అది అక్కడే కూర్చుని పని చేసుకుంది. నేను గుమ్మంలో కూర్చుని నిమ్మకాయలు కోస్తున్నాను. అలవాటు కొద్దీ ఓ చెవి దాని టకటకల మీద పెట్టాను. కొడుతోంది, ఆగుతోంది, మళ్ళీ కొడుతోంది. ఏదో తక్కువైనట్టనిపించింది. ఏమిటో తెలియడానికి కొంచెంసేపు పట్టింది.

"ఏమే, ఇవాళ చెయ్యి దులపలేదే?"

అది కొట్టడం ఆపింది. తన చేతుల వైపు తనే చూసుకుంది. రెండు మణికట్లూ తువ్వాలు మీద ఆనించి ఉన్నాయి. తువ్వాలు కింద గుంట ఉంది. ఆ గుంటలో చేతులు వంగకుండా, వేలాడకుండా తిన్నగా పడుకుని ఉన్నాయి.

మెల్లిగా తువ్వాలు తీసింది. మళ్ళీ ఉత్త చేతులు గుంటలో పెట్టింది. తీసింది, పెట్టింది.

"అమ్మమ్మా..." అని ఫోను తీసి ఏదో వెతికింది. కంప్యూటరు పనివాళ్ళు మీటల ముందు చేతులు ఆనించుకోడానికి చెక్కతో చేసిన చిన్న దిమ్మ. ఎక్కడో విదేశాల్లో చేసి అమ్ముతున్నారు. "పోయిన నెల ఇది కొందామనుకున్నా. నువ్వు ధర చూస్తావని కొనలేదు."

చూశాను. జానెడు చెక్కముక్క! ఆ ధర ఇక్కడ చెబితే వినేవాళ్ళు నేను అబద్ధమాడుతున్నానంటారు. తిట్టడానికి నోరు తెరిచి, దాని మణికట్టు చూసి మూసుకున్నాను. పట్టీ వేసిన చోట చర్మం తెల్లబడి, ఎర్రరంగు మధ్యలో గాజులా కనబడుతోంది. నొప్పి అంత ఉందని నాకు ఎందుకు తెలియలేదంటే, నేను అడగలేదు గనక.

"షరతులు చూడు. కూర్చోవడం?" అంది.

"లేదు."

"కాలు?"

"లేదు."

"కత్తి?"

"లేదు. రోజూ వాడతావా?"

"ఆదివారం కూడా."

నిమ్మకాయ చెక్కలు దానికిచ్చాను. ఇద్దరం రుద్దాం. ఎర్రదంతా మెల్లగా వెనక్కి పోయి, మళ్ళీ పసుపు తేలింది. మునుపంత కాదు, లేతగా.

మరునాడు శుక్రవారం. వడ్రంగి రానన్నాడు. "నమాజు రోజు మధ్యాహ్నం దాకా రంపం పట్టనండి. మీరు కూడా శుక్రవారం గడప కొయ్యనివ్వరుగా" అన్నాడు. నిజమే, కొయ్యనివ్వను. ఆ శుక్రవారం గడపకి మళ్ళీ పసుపు రాశాను. మనవరాలు చూసి తల పట్టుకుంది. "నిన్ననేగా అంత కష్టపడి తీశాం!"

"నిన్న గురువారం" అన్నాను.

శనివారం అతను వచ్చేసరికి మనవరాలు ఆ ప్రోగ్రాముతో బొమ్మ గీయించి పెట్టింది. చెదలు తిన్న కొసను, గుంట ఉన్న చోటును ముట్టుకోకూడదని దానికి ముందే చెప్పిందట. పై భాగంలోంచి గుంటతో సహా చేతుల దిమ్మ. కింది భాగంలోంచి కంప్యూటరు ఎత్తుగా పెట్టుకునే పీట. పీట అనగానే నేను ముఖం చిట్లించాను.

"కూర్చునేది కంప్యూటరే మామ్మగారూ. దానికి కాళ్ళు లేవు" అన్నాడు వడ్రంగి.

మిగిలిన ముక్కలోంచి గాలికి తలుపు కొట్టుకోకుండా కింద దోపే చీల ఒకటి వస్తుందని బొమ్మలో ఉంది. అది చూశాకే నేను ఒప్పుకున్నాను.

గడప అడ్డంగా తెగుతున్నంతసేపూ పక్కనే ఉన్నాను. రంపం లోపలికి దిగాక పొట్టు రంగు మారింది. ముందు పసుపుపచ్చగా రాలింది, కాసేపటికే మామూలు టేకు రంగులో రాలింది. ముక్క విడిపోయాక చూశాను. పసుపు లోపలికి దిగింది గోరంత మందమే. నా శుక్రవారాలన్నీ కలిపితే అంత. దాని కింద కర్ర, నేను కాపురానికి రాకముందు ఎలా ఉందో అలాగే ఉంది. టేకు సొంత నూనె వాసన కూడా వస్తోంది. నాకు అది చిన్నతనంగా అనిపించలేదు. గోరంత అయినా దిగింది, నీళ్ళతో పోలేదు, సోడాతో పోలేదు. అంతకంటే లోపలికి దిగాల్సిన అవసరం దానికి లేదు.

వడ్రంగి చిత్రిక తీసి గుంట వైపు చూశాడు. "ఇది కూడా సమానం చేసేస్తే నున్నగా వస్తుందండి."

"దాని జోలికి పోకు" అన్నాం ఇద్దరం ఒకేసారి.

పీటకి మేకులు వద్దు, జపాను ఆయనలా దూర్చి బిగిస్తానని పంతం పట్టాడు. ముందు వేరే ముక్క మీద చేసి చూపించమన్నాను. మొదటిది విరిగింది. "వీడియోలో ఇది కట్ చేసుంటారండి" అన్నాడు. తర్వాతది నిలబడింది. అతని సంతోషం చూడాలి. నాలుగువైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నాడు. రంపపుపొట్టు ఎత్తి డబ్బాలో పోశాను, సాయంత్రం దోమలకి పొగ వెయ్యడానికి. చెదలు తిన్న కొసను మాత్రం కాల్చేశాను. దాన్ని దాచడమంటే చెదల్ని దాచుకోవడమే.

గృహప్రవేశం బాగా జరిగింది. పాలు పొంగాయి. వేదాద్రి స్వామి ప్రసాదం కూడా తెప్పించాడు నా కొడుకు. భోజనాలయ్యాక అందరూ కూర్చుని ఉండగా, నేను ఎదురుచూస్తున్న మాట అడిగాడు.

"అమ్మా, రేపు అడితివాడికి రమ్మని చెప్పమంటావా? గడపకేమైనా పని దొరికిందా?"

"దొరికింది. పై గదిలో పనిలోనే ఉంది. వెళ్ళి చూడు" అన్నాను.

మనవరాలికి ఆరోజు సెలవు దొరకలేదు. సామానంతా తెచ్చుకుని పైన కూర్చుని కొడుతోంది. వాడు మెట్లెక్కి వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను. దిమ్మను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఇంత గడపకి చివరికి ఇంతేనా అమ్మా?"

"బెంచీ అయితే పెద్దగా ఉండేది" అన్నాను.

వాడు నవ్వబోయి, గుంటలో బొటనవేలు పెట్టి ఆగాడు. "దీని గురించి మాకు ఎన్ని తిట్లు పడ్డాయో!"

"ఆ కేసులో మీరు గెలిచారు మామయ్యా. అరిగించింది అమ్మమ్మే. రుజువు చేసా" అంది మనవరాలు, తల ఎత్తకుండానే.

"అయితే ఆ తిట్లు వాపసు ఇస్తావా?" అన్నాడు నాతో.

"నేను తిట్టకుండా వదిలేసిన తప్పుల కింద జమ చేసుకో" అన్నాను. వాడు దిమ్మను జాగ్రత్తగా, ఎక్కడ తీశాడో అక్కడే పెట్టాడు. అడితివాడికి ఫోను చెయ్యలేదు.

ఇప్పుడు నేను జగ్గయ్యపేటలో కొత్తింట్లోనే ఉంటున్నాను. శుక్రవారం గ్రానైటు గడపకి పసుపు రాస్తాను. అది పట్టుకోదు. ఎండితే పొడిలా రాలిపోతుంది, కోడలు గుడ్డతో ఒక్కసారి తుడిస్తే రాయి మళ్ళీ నల్లగా మెరుస్తుంది. రాయిని తప్పుపట్టను, దాని గుణం అది.

మొన్న ఆదివారం మనవరాలు ఫోను చేసింది. ఆ వారం ఉత్తరంలో వేరేవాళ్ళవి కాకుండా తనదే ఒకటి పెట్టిందట, చేతుల దిమ్మ ఫోటో. చాలామంది రాశారట. గుంట అంత నున్నగా ఏ పనిముట్టుతో తీశారు, ఆ రంగు ఏ కంపెనీ పాలిషు అని అడుగుతున్నారట.

"ఏం రాయమంటావు అమ్మమ్మా?"

"పసుపు అని రాయి. కొబ్బరిపీచు అని రాయి. ఉన్నదే రాయి."

"ఎన్ని రోజులు పడుతుందని అడుగుతారు."

ఆలోచించాను. నేను లెక్కపెట్టలేదు. "చెయ్యి ఎలా ఉంది?" అని అడిగాను.

"పట్టీ తీసేసా" అంది.

అవతల మళ్ళీ టకటకలు మొదలయ్యాయి. ఫోను కట్టెయ్యడం మరిచిపోయి పనిలో పడింది. ఊరికే బ్యాటరీ ఖర్చు. అయినా కాసేపు విన్నాను. ఎక్కడా ఆగలేదు.